ఇంటి చదువు: ఎందుకు, ఎవరికి, ఏ చట్టం కింద

పిల్లను బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నామని చెబితే, పిల్లకు ఏదో ఇబ్బంది ఉండి ఉంటుందని కొందరు, తల్లిదండ్రులకు ఫీజులు కట్టే స్తోమత తగ్గిందేమోనని మరికొందరు అనుకుంటారు. ఇది చట్టప్రకారం నేరం కదా అని నేరుగా అడిగేవాళ్లూ ఉన్నారు. మొదటి రెండు అనుమానాలు తీర్చడం తేలికే. చట్టం సంగతి అంత తేలిక కాదు, ఎందుకంటే మన దేశంలో ఇంటి చదువును నేరమన్న చట్టమూ లేదు, ఇదిగో ఈ పద్ధతిలో చదివించుకోండి అని ఒప్పుకున్న చట్టమూ లేదు. వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం చాలామంది అడగరు: ఏ కారణంతో మాన్పించారు, ఆ కారణం పిల్లదా, మీదా?

మా అమ్మాయికి నాలుగో తరగతి పూర్తయ్యాక మేము ఆమెను బడి మాన్పించాము. మాది హనుమకొండ. ఇంటి చదువు అందరికీ మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. చాలా కుటుంబాలకు అది సాధ్యం కాదు, కొన్ని కుటుంబాల్లో పిల్లలకు కీడు కూడా చేస్తుంది. అయితే దీని గురించి మాట్లాడేటప్పుడు కారణాలు, చట్టం, పరీక్షలు, ఖర్చు అన్నీ కలగాపులగమైపోతున్నాయి కాబట్టి వాటిని విడదీసి చూడాలనిపించింది.

మా కారణాల్లో మొదటిది కాలం. విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. చట్టం గురించి వాదించుకునేవాళ్లలో దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని, 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు ఉండాలని అందులో రాశారు. భాగించి చూస్తే చిన్న తరగతుల పిల్లలకు రోజుకు 4 గంటలు, పెద్ద తరగతుల వారికి సుమారు నాలుగున్నర గంటలు. ప్రాథమిక విద్యకు కనీసంగా ఈపాటి బోధన ఉంటే సరిపోతుందని పార్లమెంటు భావించిందన్నమాట. మా అమ్మాయి ఉదయం ఏడున్నరకు బస్సెక్కి సాయంత్రం ఐదు దాటాక దిగేది. ఆ తర్వాత హోంవర్క్, మర్నాటి స్లిప్ టెస్టు, వారాంతంలో ప్రాజెక్టు పేరుతో అట్టముక్కలూ జిగురూ. అన్నం తింటూ నిద్రపోయిన రాత్రులు ఉన్నాయి. ఇన్ని గంటలు తీసుకున్నందుకు తగిన చదువు వచ్చి ఉంటే బహుశా మేము ఇంకొంతకాలం సర్దుకుపోయేవాళ్లమే.

రాలేదని తెలిసింది భిన్నాల దగ్గర. ఫౌండేషన్ కోర్సు పేరుతో ఆమెకు పై తరగతి లెక్కలు ముందే చెప్పేశారు. 3/4కు 2/3 కలపమంటే క.సా.గు. 12 అని తీసి, 9కి 8 కలిపి, 17/12 అని చకచకా రాసేది. నోటుబుక్కు నిండా ఎర్రసిరాతో రైటు గుర్తులు. ఒకరోజు, ఈ వచ్చిన జవాబు ఒకటి కంటే ఎక్కువా తక్కువా అని అడిగాను. బిత్తరపోయింది. పోనీ 3/4 పెద్దదా 2/3 పెద్దదా అంటే, పెన్సిలు తీసుకుని మళ్లీ క.సా.గు. తీయబోయింది. భిన్నమంటే ఒక పరిమాణమని, దాన్ని కళ్లతో చూసి పోల్చుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి టీచరుకు వ్యవధి లేదు, ఎందుకంటే సిలబస్ ఆ వారానికి ఎక్కడ ఉండాలో పైనుంచి వచ్చిన షెడ్యూలు నిర్ణయిస్తుంది. ఇంట్లో ఒకే పొడవున్న కాగితపు పట్టీలు కత్తిరించి, ఒకదాన్ని నాలుగుగా, ఒకదాన్ని మూడుగా మడిచి, పక్కపక్కన పెట్టుకుని చూశాము. ఒక పట్టీ మీద నాలుగో వంతు మిగిలింది, ఇంకోదాని మీద మూడో వంతు మిగిలింది. తక్కువ మిగిలినదే పెద్దదని ఆమే చెప్పింది. దీనికి గొప్ప బోధనా ప్రతిభ ఏమీ అక్కరలేదు. తొందర లేకపోతే చాలు. నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్కరి కోసం ఆగడం ఏ టీచరుకూ సాధ్యం కాదని నాకు తెలుసు, అందుకే ఆ టీచరమ్మ మీద నాకు ఫిర్యాదు లేదు.

ఈ తొందర ఎక్కడికి దారి తీస్తుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. మధ్యలో పదహారేళ్లు గడిచినా మళ్లీ కమిటీ వేయవలసి వచ్చిందంటే, మొదటి కమిటీ చూసిన పరిస్థితులు పోలేదనే అర్థం. ఆ ఇంటర్ ఒత్తిడి ఇప్పుడు ఫౌండేషన్, ఒలింపియాడ్, టెక్నో అనే పేర్లతో ఆరో తరగతికి, అక్కడినుంచి మూడో తరగతికి దిగివచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల తన ర్యాంకు చెప్పుకోవడానికి భయపడటం మా ఇంట్లో మేము చూశాము. అది మా రెండో కారణం.

ప్రైవేటు బడి నచ్చకపోతే ప్రభుత్వ బడి ఉంది కదా అన్నది న్యాయమైన ప్రశ్న. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. అక్కడి ఉపాధ్యాయులు శిక్షణ పొంది, డీఎస్సీ రాసి ఎంపికైనవాళ్లు. చాలా ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవారికంటే వారి అర్హతలు ఎక్కువ. అయితే ఐదు తరగతులకు ఇద్దరే ఉన్నారు. ఒకరు శిక్షణకో, సమావేశానికో వెళ్తే మిగిలినవారు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాలి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు ఉపాధ్యాయులకు అప్పగించకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ మూడు మినహాయింపులే చాలు ఇద్దరున్న బడిని ఒకరికి కుదించడానికి. గ్రామీణ ప్రాంతాల్లో జరిగే అసర్ సర్వే ప్రకారం ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తం మీద 2018లో 50.5 శాతం, కరోనా తర్వాత 2022లో 42.8 శాతం. ఇందులో ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండూ ఉన్నాయి. ఇలాంటి తరగతిలో మంచి ఉపాధ్యాయుడు చేయవలసిన పని వెనకబడిన పిల్లలకు ముందు చదవడం నేర్పడమే. అది సరైన ప్రాధాన్యం. మా అమ్మాయికి చదవడం వచ్చు, కానీ ఆమెకు కావలసినది వేరు, అది ఇంట్లో ఇవ్వగల వెసులుబాటు మాకుంది. మేము ప్రభుత్వ బడికి పంపకపోవడానికి కారణం ఇదే.

అయినా దీనికి ఎదురయ్యే వాదనను నేను తోసిపుచ్చలేను. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు ఉండాలని చట్టం చెబుతుంది. అడగగలిగిన, కాగితాలు చదవగలిగిన తల్లిదండ్రులంతా ముందు ప్రైవేటు బడులకు, ఇప్పుడు ఇంటి చదువుకు తరలిపోతే, ఆ కమిటీలో కూర్చుని మూడో ఉపాధ్యాయుడు ఎప్పుడొస్తాడని అడిగేది ఎవరు? నేను వారానికోసారి ఆ బడికి వెళ్లి పిల్లలకు కథలు చదివి వినిపిస్తున్నాను. దానితో ఆ లోటు పూడదని తెలిసే చేస్తున్నాను.

ఇంటి చదువుకు చెప్పే కారణాలన్నీ ఒక్క త్రాసులో తూగవు. వినికిడి, చూపు, కదలికల్లో ఇబ్బంది ఉండి బడిలో సౌకర్యం లేక మాన్పించడం ఒకటి. బెత్తం దెబ్బలు, అవమానాలు భరించలేక మాన్పించడం ఒకటి (శారీరక దండనను, మానసిక వేధింపును చట్టం 17వ సెక్షన్ నిషేధించి ఇన్నేళ్లయినా ఈ కారణం ఇంకా వినిపిస్తూనే ఉంది). క్రీడల్లోనో, సంగీతంలోనో గంటలకొద్దీ సాధన చేసే పిల్లలు ఉన్నారు, తరచూ బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లలు ఉన్నారు. ఇవన్నీ పిల్లల అవసరంలోంచి పుట్టిన కారణాలు. ఇక, మా పిల్లలు కలవకూడనివాళ్లతో కలుస్తున్నారని మాన్పించేవారూ ఉన్నారు. కలవకూడనివాళ్లంటే ఎవరని నిలదీస్తే కులమో, మతమో, బస్తీయో బయటపడుతుంది. పన్నెండేళ్లకే పదో తరగతి, పదహారేళ్లకే డిగ్రీ అని పత్రికల్లో పేరు రావాలని మాన్పించేవారూ ఉన్నారు. ఈ రెండు కారణాలూ తల్లిదండ్రులవి. వాటి భారం మాత్రం పిల్లలు మోస్తారు.

ఇప్పుడు చట్టం. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత విద్య ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ దాన్ని 21ఎ అధికరణంగా రాజ్యాంగంలోకి తెచ్చింది; అదే సవరణ 51ఎ అధికరణంలో, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యావకాశాలు కల్పించడం తల్లిదండ్రుల విధి అని చేర్చింది. ఈ వాక్యంలో బడి అన్న మాట లేదు, విద్యావకాశాలు అని మాత్రమే ఉంది. కానీ 21ఎ అమలుకు తెచ్చిన విద్యాహక్కు చట్టం (2009లో చేసినది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది) 10వ సెక్షన్‌లో, పిల్లలను సమీప పాఠశాలలో చేర్పించడం ప్రతి తల్లిదండ్రుల విధి అని స్పష్టంగా చెప్పింది. ఇంటి చదువు చెల్లదనేవారు చూపించేది ఈ సెక్షన్‌నే.

చెల్లుతుందనేవారు 8వ సెక్షన్ చూపిస్తారు. నిర్బంధ విద్య అంటే ఏమిటో అక్కడ వివరించారు: పిల్లలకు విద్య అందించడం, చేర్పించడం, హాజరు, చదువు పూర్తయ్యేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అని. అంటే నిర్బంధం ప్రభుత్వం మీద ఉంది. 10వ సెక్షన్ విధిని తల్లిదండ్రులు పాటించకపోతే ఏం చేయాలో చట్టం ఎక్కడా చెప్పలేదు. జరిమానా లేదు, శిక్ష లేదు. ఇది పొరపాటున జరిగింది కాదని నా అభిప్రాయం. పేదరికం వల్ల పిల్లలను పనికి పంపే తల్లిదండ్రులకు జరిమానా వేస్తే ఆ పిల్లల కడుపే మాడుతుంది. శిక్ష లేకపోవడం ఆ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చేసిన పని. మావంటి కుటుంబాలు ఆ నీడలో నిలబడ్డాయి. తర్వాత ఈ విషయం ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ఇష్టపూర్వకంగా ఇంటి చదువును ఎంచుకున్నవారికి ఈ చట్టం అడ్డురాదని కేంద్ర మానవ వనరుల శాఖ అఫిడవిట్‌లో చెప్పింది. కానీ ఒక అఫిడవిట్ చట్టసవరణతో సమానం కాదు. చట్టంలో ఇంటి చదువు అన్న హక్కు నేరుగా కనిపించేది ఒక్కచోటే: 2012 సవరణ ప్రకారం బహుళ వైకల్యాలు, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువు ఎంచుకోవచ్చు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఐదారు కుటుంబాలు కలిసి, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఒకరిద్దరు టీచర్లను పెట్టుకుంటే, అధికారుల దృష్టిలో అది గుర్తింపు లేని బడి కావచ్చు. గుర్తింపు లేకుండా బడి నడిపితే 18వ సెక్షన్ ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా, కొనసాగిస్తే రోజుకు 10,000 రూపాయల దాకా ఉంటుంది. తన పిల్లకు తాను చెప్పుకునే తల్లికి లేని శిక్ష ఇక్కడ ఉంది.

చట్టం పిల్లలను బడిలోనే ఉంచాలని ఇంత పట్టుబట్టడానికి కారణం తెలియాలంటే తెలంగాణ పల్లెలనే చూడాలి. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు వారు పెట్టుకున్న సూత్రం ఒకటే: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. కూలికి వెళ్తేనే బాలకార్మికులని, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుంటే కాదని తేడాలు పెడితే చివరికి ఆడపిల్లలెవరూ లెక్కలోకి రారని వారు గ్రహించారు. ఆ సంస్థకు నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. పత్తి విత్తనాల చేలల్లో పూలు క్రాసింగ్ చేయడానికి వంగిన పిల్లలను, పదిహేనేళ్లు రాకుండానే పెళ్లి కుదిరిన పిల్లలను బడికి తెచ్చిన ఉద్యమం అది. ఆ ఉద్యమానికి ఇంటి దగ్గర చదువుతోంది అన్న జవాబు వేలసార్లు ఎదురై ఉంటుంది, అందులో ఎక్కువసార్లు అబద్ధంగానే ఎదురై ఉంటుంది. కాబట్టి మా అమ్మాయి గురించి నేను అదే జవాబు చెప్పినప్పుడు, అవతలివారు నమ్మకపోతే నాకు కోపం రావడం న్యాయం కాదు.

బడి బయటి పిల్లల సర్వేకు వచ్చిన సీఆర్పీ (విద్యాశాఖ తరఫున కొన్ని బడుల క్లస్టర్‌ను చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) మా గుమ్మంలో నిలబడి అడిగింది కూడా అదే. చేతిలో ఫారం ఉంది. అందులో పిల్ల చదువుతున్న బడి పేరు, తరగతి రాయాలి, లేకపోతే మానేయడానికి కారణం రాయాలి. వలస, పేదరికం, అనారోగ్యం వంటి కారణాలు ఉన్నాయి. మా కారణం పట్టే గడి అందులో లేదు. "అక్కా, నేను ఏం రాయాలె?" అని అడిగిందామె. లోపలికి పిలిచి మా అమ్మాయి పుస్తకాలు, నేను తేదీలవారీగా రాసుకున్న నోటు చూపించాను. ఆమె ఓపికగా తిరగేసి, అమ్మాయితో తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించుకుని, రెండు లెక్కలు చేయించి చూసింది. ఆ తర్వాత ఇతరములు అన్న చోట గుర్తు పెట్టుకుని వెళ్లింది. ఒక బయటి మనిషి వచ్చి మా పిల్లకు చదువు వస్తోందా లేదా అని చూసిన సందర్భం మాకు అదొక్కటే. ఆమె అలా చూడటం నాకు ధైర్యాన్నిచ్చింది.

ఇతర దేశాల్లో ఈ ముడిని ఒక్కో రకంగా విప్పుకున్నారు. అమెరికాలో పిల్లలను ప్రభుత్వ బడికే పంపాలన్న ఆరిగన్ రాష్ట్ర చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1925లో కొట్టేసింది. ఇంటి చదువు ఇప్పుడు అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కానీ నియమాలు ఎక్కడికక్కడ వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగా చూస్తారు, అధికారులకు చెప్పవలసిన పని కూడా లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే ఏడాది ప్రణాళిక ముందే ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి, ఏటా మదింపు చూపించాలి. జర్మనీలో అసలు ఒప్పుకోరు. టెక్సస్‌లో ఇంట్లో చదివిన పిల్లలతో హైదరాబాద్ తిరిగొచ్చే కుటుంబాలు తరచూ అడిగే సందేహానికి మాత్రం జవాబు సులువు: మన చట్టం 4వ సెక్షన్ ప్రకారం పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

పరీక్షల సంగతి చాలామంది భయపడినంత కష్టం కాదు. ఎనిమిదో తరగతి దాకా బోర్డు పరీక్ష అక్కరలేదని విద్యాహక్కు చట్టమే చెబుతుంది. ఆ తర్వాత జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్ఐఓఎస్) ఉంది. 1989లో స్వతంత్ర సంస్థగా ఏర్పడింది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నమోదు చేసుకోవచ్చు, తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు. ఐదు సబ్జెక్టులు చాలు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1991 నుంచి సార్వత్రిక విద్యాపీఠం ఉంది, తెలంగాణకు వేరుగా ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. ఎన్ఐఓఎస్ పన్నెండో తరగతితో జేఈఈ రాయవచ్చు. నీట్ విషయంలో 2018లో ఓపెన్ స్కూల్ విద్యార్థులను అనర్హులుగా చేశారు, ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది ఆ నిబంధనను కొట్టేసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వివాదం ముగిసి వారి అర్హత ఖాయం కావడానికి 2024 దాకా పట్టింది. మధ్యలో ఆరేళ్లపాటు ఎన్ని కుటుంబాలు నిద్రలేకుండా గడిపి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఏ బోర్డు సర్టిఫికెట్టూ లేకుండా, కంప్యూటర్ ఒలింపియాడ్ పతకాలతోనే 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించిన ముంబయి అమ్మాయి కథ ఇంటి చదువు గురించి మాట్లాడే ప్రతిచోటా వినిపిస్తుంది. ఆ అమ్మాయి ప్రతిభ అసాధారణం. దాన్ని చూసి మన పిల్లల దారి నిర్ణయించకూడదు.

తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులు మరిచిపోయే అసలు చిక్కు స్థానికత. 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల సీట్లకైనా, ఉద్యోగాలకైనా ఎక్కడ చదివారన్నది మనకు ప్రాణప్రదం. తెలంగాణలో 2018 ఉత్తర్వు ప్రకారం ఉద్యోగాలకు 1 నుంచి 7వ తరగతి దాకా చదివిన చోటు చూస్తారు. బడిలో చదవనివారికి నివాసమే ఆధారం. అందువల్ల బోనఫైడ్‌లు (ఏ బడిలో చదివారో చెప్పే పత్రాలు) చూపించలేని పిల్లల విషయంలో తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రానికి, దాన్ని బలపరిచే పాత కాగితాలకు విలువ ఎక్కువ. రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఆధార్ చిరునామా ఏళ్లవారీగా భద్రపరుచుకోవడం ఇంటి చదువులో భాగమే. బడి మాన్పించేటప్పుడు టీసీ, అప్పటిదాకా చదివిన తరగతుల స్టడీ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోవాలి. బడులు మూతపడటం, పేర్లు మారడం మన దగ్గర మామూలే కనుక, తర్వాత తీసుకుందాంలే అనుకోకూడదు.

ఖర్చు అనగానే పుస్తకాలు, ఆన్‌లైన్ తరగతులు లెక్కేస్తారు. అవి ప్రైవేటు బడి ఫీజులో కొంత భాగానికి మించవు. పెద్ద ఖర్చు మళ్లీ కాలమే, ఈసారి తల్లిది. ఇంటి చదువు మొదలైన ఇళ్లలో ఉద్యోగం మానేదో, సగానికి తగ్గించుకునేదో దాదాపు ఎప్పుడూ అమ్మే. మా ఇంట్లోనూ అంతే. నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకున్నాను. ఆ నిర్ణయం మా ఇద్దరిదీ అని మేము చెప్పుకుంటాము, కానీ మావారు మానేయడం గురించి ఆనాడు మేము గట్టిగా చర్చించనేలేదు. ఇప్పుడు లెక్కలు, సైన్సు రాత్రిపూట ఆయన చూస్తారు, ఆదివారం మొత్తం ఆయనదే. పిల్లను బడి మాన్పించాలనుకునే దంపతులు అన్నిటికంటే ముందు కాగితం మీద రాసుకోవలసింది ఎవరి గంటలు ఎన్ని అన్నదే. అది రాయలేకపోతే పిల్ల బడిలో ఉండటమే మేలు.

దీనికి గాంధీజీ కుటుంబం కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. దక్షిణాఫ్రికాలో ఆయన తన కొడుకులను బడికి పంపకుండా ఇంట్లో, ఆశ్రమంలో చదివించారు. వారికి తాను ఇవ్వాలనుకున్నంత సమయం ఇవ్వలేకపోయానని, ఆ విషయంలో కొడుకులకు తన మీద అసంతృప్తి ఉందని ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు. పెద్దకొడుకు హరిలాల్ మెట్రిక్యులేషన్ చదువుకోవాలని 1911లో తండ్రిని విడిచి అహ్మదాబాద్ వెళ్లిపోయారు; అప్పటికే ఆయనకు ఇరవై దాటాయి. ఆలోచన ఎంత ఉన్నతమైనదైనా, చెప్పే మనిషికి తీరిక లేకపోతే పిల్లలకు మిగిలేది చదువు అందలేదన్న బాధే. పిల్ల తిరిగి బడికి వెళ్తానంటే పంపించడానికి సిద్ధంగా ఉండాలన్న నియమం మేము పెట్టుకున్నది ఈ కథ చదివాకనే. ఏటా జూన్‌కు ముందు ఆమెను అడుగుతాము, ఆమె చెప్పిందే జరుగుతుంది.

నలుగురితో కలవడం ఎలా అన్నది బంధువులందరూ అడిగేదే. ఆటలకు, ఈతకు, వీధిలో స్నేహాలకు లోటు లేదు. అయితే ఈ జవాబు నాకే పూర్తిగా తృప్తినివ్వదు. మేము పంపే ఆటల క్లాసులో, మేము కలిసే ఇంటి చదువు కుటుంబాల్లో పిల్లలందరూ దాదాపు మాలాంటివారే. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనానికి ఒకే వరుసలో కూర్చునే పిల్లల్లో ఉండే వైవిధ్యం ఇక్కడ లేదు. చాలామంది పిల్లలకు ఆ భోజనమే రోజులో కడుపునిండా తినేదన్న విషయం కూడా మా అమ్మాయికి పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. నాతో పాటు ఆ బడికి రావడం మొదలుపెట్టాకే తెలిసింది. ఇంకొకటి, బడి అంటే పిల్లను రోజూ చూసే మరో పెద్దమనిషి. ఒంటి మీద వాత ఉందా, ముఖం వాడిందా, ఉన్నట్టుండి రావడం మానేసిందా అని గమనించే కళ్లు అవి. ఇంటి చదువులో ఆ కళ్లు ఉండవు. మంచి ఇళ్లలో దానివల్ల నష్టం లేకపోవచ్చు, కానీ చట్టాలు మంచి ఇళ్లను మాత్రమే దృష్టిలో పెట్టుకుని చేయలేము.

అందుకే ఇంటి చదువు కోరుకునేవారు ప్రభుత్వాన్ని మమ్మల్ని మా మానాన వదిలేయండి అని అడగడం నాకు సమ్మతం కాదు. మమ్మల్ని నమోదు చేసుకోండి అని అడగాలి. ప్రత్యామ్నాయ విద్యా నమూనాలకు చోటివ్వాలని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. ఆ మాటకు రాష్ట్రాల నిబంధనల్లో రూపం రావాలి. మండల విద్యాధికారి దగ్గర ఇంటి చదువు పిల్లలకు ఒక రిజిస్టరు, సర్వే ఫారంలో ఒక గడి, ఏడాదికోసారి సమీప ప్రభుత్వ బడిలోనే ఉపాధ్యాయులు పిల్లను కూర్చోబెట్టుకుని చదవడం, రాయడం, లెక్కలు చూసే ఏర్పాటు, రెండేళ్లు వరుసగా ఎదుగుదల లేకపోతే బడిలో చేర్పించాలన్న షరతు ఉంటే చాలు. అదే బడి గ్రంథాలయాన్ని, ఆటస్థలాన్ని ఆ పిల్లలు వాడుకోనిస్తే ఇంకా మంచిది. ఆ రిజిస్టరు ఉన్నచోట పత్తిచేలోకి పంపిన పిల్లను ఇంట్లో చదువుతోందని దాచడం కష్టమవుతుంది, నిజంగా చదువుతున్న పిల్లకు ఏడో తరగతి దాకా ఎక్కడుందో చెప్పే కాగితమూ దొరుకుతుంది. ఈ మేరకు మా మండల విద్యాధికారికి ఒక అర్జీ రాసి, అమ్మాయి ఏడాది చదువు వివరాలు జతచేసి ఇచ్చాము. దాన్ని ఏ ఫైలులో పెట్టాలో ఇంకా తేలలేదని చెప్పారు. వచ్చే ఏడాది వివరాలు కూడా తీసుకెళ్లి ఇస్తాము.